యాభై మిల్లీమీటర్ల రిమ్‌తో ప్రయోగాలు: టైమ్ ట్రయల్ చక్రాల ప్రాజెక్టు డైరీ

జనవరి మొదటి వారం: పని పరిధి

నా రోడ్డు సైకిలుకు 50 మిల్లీమీటర్ల లోతున్న కార్బన్ చక్రాల జత ఉంది. బ్రేకులు రిమ్‌నే పట్టుకునే పాత పద్ధతివి. ఈ చక్రాలను మార్చకుండా, కొత్తవి కొనకుండా, ఇంట్లో చేతులతో చేయగలిగిన చిన్న సవరణలతో టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరూ విడిగా, గడియారంతో పోటీపడి తొక్కే పందెంలో) గాలి నిరోధాన్ని ఎంతవరకు తగ్గించవచ్చో తేల్చుకోవడం ఈ ప్రాజెక్టు లక్ష్యం. టైరు వెడల్పు, టైరుకూ రిమ్‌కూ మధ్య మిగిలే సందు, స్పోకుల మెలిక, వాల్వు పొడవు, వెనుక చక్రానికి మూత: చూడవలసినవి ఇవే. తొక్కేవాడి భంగిమ, హెల్మెట్, దుస్తులు వీటన్నిటికంటే ఎన్నో రెట్లు ముఖ్యం. ఆ పని గత సీజన్‌లోనే పూర్తయింది కాబట్టి ఇప్పుడు వాటిని కదపకుండా ఉంచి, చక్రాల మీదే దృష్టి పెడుతున్నాను.

లెక్క ముందుగా రాసుకోవడం మంచిది. గాలి నిరోధ బలం వేగం వర్గాన్ని అనుసరించి, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన పవర్ వేగం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. నిరోధ గుణకాన్ని ఎదురు వైశాల్యంతో గుణిస్తే వచ్చే విలువను సీడీఏ అంటారు. సైకిలుకూ మనిషికీ కలిపి అది 0.29 చదరపు మీటర్లు, గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలోగ్రాములు అనుకుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో గాలికే దాదాపు 219 వాట్లు ఖర్చవుతాయి. అదే వేగంలో, మొత్తం బరువు 80 కిలోలు, టైర్ల దొర్లుడు నిరోధ గుణకం 0.005 అనుకుంటే, టైర్లకు పోయేది 44 వాట్లు. అంటే సీడీఏలో 0.005 తగ్గితే నాలుగు వాట్లకు కాస్త తక్కువ మిగులుతుంది. ఈ ప్రాజెక్టులో వెతుకుతున్న లాభాలన్నీ ఈ స్థాయిలోనివే.

ఇంత చిన్న భాగమైన చక్రానికి ఇంత శ్రద్ధ ఎందుకంటే, సైకిలు మీద చక్రం లాగా గాలిని తాకే భాగం మరొకటి లేదు. నేలను తాకే చోట టైరు వేగం సున్న, ఇరుసు దగ్గర సైకిలు వేగమెంతో అంత, పై అంచు దగ్గర దానికి రెండింతలు. సైకిలు 40లో పోతుంటే చక్రం పై అంచు గాలిలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతోంది. పైగా ముందు చక్రం, దానికి ముందు మరేదీ అడ్డు లేకుండా, కలతపడని గాలిని మొట్టమొదట తాకే భాగం.

నియమాల సంగతి కూడా మొదటే తేల్చుకోవాలి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధనల ప్రకారం అందరూ ఒకేసారి బయలుదేరే రోడ్డు పందేల్లో డిస్క్ చక్రాలకు (స్పోకుల చోట రెండు వైపులా నునుపైన పలకతో మూసి ఉండే చక్రాలకు) అనుమతి లేదు. టైమ్ ట్రయల్‌లో ఉంది. అయితే అక్కడ కూడా చక్రం తనంతట తాను డిస్క్‌గా తయారై ఉండాలే తప్ప, గాలి నిరోధం తగ్గించడానికే పైన తొడిగిన మూత చెల్లదు. ట్రయథ్లాన్ నియమాలు ఇంత కఠినంగా ఉండవు కానీ, పక్కగాలులకు పేరుపడ్డ హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీలో డిస్క్ చక్రాలే నిషిద్ధం. నేను పాల్గొనబోయేది హైదరాబాదు క్లబ్బు స్థాయి టైమ్ ట్రయల్. వెనుక మూతకు నిర్వాహకుల అనుమతి తీసుకున్నాకే ఈ పనిని జాబితాలో చేర్చాను.

జనవరి మూడో వారం: కొలిచే పద్ధతి

గాలి సొరంగం అందుబాటులో లేనివారికి దిక్కు రోడ్డే. శంకర్‌పల్లి వైపు ప్లాట్లు వేసి, సిమెంటు రోడ్లు పోసి, ఇళ్లు ఇంకా రాని ఒక వెంచర్ ఉంది. దాని చుట్టు రోడ్డు కిలోమీటరు పైచిలుకు ఉంటుంది. మలుపులు విశాలంగా ఉండటం వల్ల బ్రేకు పట్టకుండా తిరగవచ్చు. కాపలాదారు అనుమతితో తెల్లవారకముందే అక్కడికి చేరుకుంటున్నాను. సూర్యుడు పైకి వచ్చాక గాలి మొదలవుతుంది, ఆ తర్వాత కొలతలకు విలువ లేదు.

విశ్లేషణకు రాబర్ట్ చంగ్ ప్రతిపాదించిన పద్ధతిని వాడుతున్నాను. దాని ఆలోచన సులభం. పవర్ మీటర్, వేగం సెన్సర్ ఇచ్చిన అంకెలను శక్తి సమీకరణంలో పెట్టి, టైర్లకు పోయినది, వేగం పెరగడానికి పోయినది, గాలికి పోయినది తీసివేస్తే, మిగిలిన శక్తి ఎత్తు ఎక్కడానికే పోయి ఉండాలి. ఆ లెక్కతో రోడ్డుకు ఒక ఊహాత్మక ఎత్తుపల్లాల పటం తయారవుతుంది. చుట్టు పూర్తయి మొదలైన చోటికే వచ్చినప్పుడు పటంలోని ఎత్తు కూడా మొదటి ఎత్తుకే రావాలి. రాకుంటే మనం అనుకున్న సీడీఏ విలువ తప్పన్నమాట. పటంలో చుట్లన్నీ ఒకే మట్టానికి వచ్చేవరకు ఆ విలువను సవరిస్తే అసలు విలువ దొరుకుతుంది.

గాలి సాంద్రత విషయంలో అశ్రద్ధ పనికిరాదు. ఈ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ వాయుపీడనం 945 హెక్టోపాస్కళ్ల దగ్గర ఉన్నప్పుడు, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో ఘనపు మీటరు గాలి బరువు 1.14 కిలోగ్రాములు, ఏప్రిల్‌లో అదే వేళకు 27 డిగ్రీలు ఉంటే 1.10 కిలోగ్రాములు. తేడా నాలుగు శాతం. 219 వాట్లలో నాలుగు శాతమంటే సుమారు తొమ్మిది వాట్లు, అంటే నేను చేయబోయే ఏ ఒక్క సవరణ కంటే ఎక్కువ. కాబట్టి జనవరిలో ఒక చక్రం, ఏప్రిల్‌లో ఇంకో చక్రం తొక్కి "ఇది వేగంగా ఉంది" అనడంలో అర్థం లేదు. ప్రతి ఉదయం ఉష్ణోగ్రత, పీడనం రాసుకుని, ముందు పాత అమరిక, తర్వాత కొత్త అమరిక, మళ్లీ పాత అమరిక అన్న వరుసలో తొక్కుతున్నాను. మొదటి, మూడో కొలతలు ఒకదానితో ఒకటి కలవకపోతే ఆ రోజు అంకెలను పక్కన పెట్టేస్తాను.

ఏమీ మార్చకుండా తొక్కినా వరుస కొలతల మధ్య సీడీఏలో 0.003 వరకు తేడా కనిపిస్తోంది. తల కొంచెం పైకెత్తినా, మోచేతులు కాస్త విచ్చుకున్నా అంత తేడా వచ్చేస్తుంది. అందుకే మోచేతి దిండ్ల మీద చేతులు ఆనవలసిన చోట తెల్ల టేపు అంటించి, చూపు ఎక్కడ నిలపాలో కంప్యూటర్ పైభాగాన గుర్తు పెట్టుకున్నాను. 0.003 లోపల కనిపించే లాభాన్ని లాభమని రాయకూడదన్నది ఈ డైరీకి నేను పెట్టుకున్న కట్టుబాటు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, ప్రాజెక్టు పొడవునా అది వెంట వస్తుంది. కొలవడానికి నిశ్చలమైన గాలి కావాలి. లోతైన రిమ్‌ల అసలు ప్రయోజనం బయటపడేది మాత్రం పక్కగాలిలో. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు పక్క నుంచి సూటిగా గంటకు 10 కిలోమీటర్ల గాలి వీస్తే, చక్రాన్ని తాకే గాలి 14 డిగ్రీల వాలుతో వస్తుంది. పందెం రోజు గాలి ఏ పది డిగ్రీల వాలుతోనో వస్తే, తెల్లవారుజామున సున్న డిగ్రీల దగ్గర కొలిచిన అంకె దానికి పూర్తి జవాబు కాదు.

ఫిబ్రవరి రెండో వారం: టైరు, రిమ్, వెర్నియర్

ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది, తీసుకోదగ్గది కూడా, ఇదే. జిప్ కంపెనీలో చక్రాల రూపకల్పన చేసిన జాష్ పోర్ట్‌నర్ పేరుతో ఒక సూత్రం ప్రచారంలో ఉంది: రిమ్ వెడల్పు టైరు వెడల్పుకు కనీసం 105 శాతం ఉండాలి. అలా ఉంటేనే టైరు మీదుగా వంగిన గాలి మళ్లీ రిమ్‌ను అందుకుని, దాన్ని అంటిపెట్టుకుని పోతుంది. టైరు ఎక్కువ ఉబ్బి ఉంటే గాలి అక్కడే విడిపోతుంది, వెనుక ఉన్న 50 మిల్లీమీటర్ల లోతు వృథా అవుతుంది.

ఇక్కడ టైరు వెడల్పు అంటే పక్కన అచ్చువేసిన అంకె కాదు, రిమ్‌కు ఎక్కించి గాలి కొట్టాక వెర్నియర్ కాలిపర్ చూపించే అంకె. నా రిమ్ లోపలి వెడల్పు 17 మిల్లీమీటర్లు, టైరు కూర్చునే అంచు దగ్గర బయటి వెడల్పు 26.5, నడుమ ఉబ్బు దగ్గర 28. ఇంతకాలం వాడుతున్న 25 టైరు 90 పీఎస్‌ఐ దగ్గర 26.1 మిల్లీమీటర్లు తేలింది, అంటే రిమ్ దానికి 101.5 శాతం మాత్రమే. అదే కంపెనీ 23 టైరు 24.8 తేలింది, అంటే దాదాపు 107 శాతం. కొత్త టైరును ఎక్కించిన వెంటనే కొలిస్తే ఆ అంకె నిలవదు. రాత్రంతా గాలితో ఉంచి, ఒకసారి తొక్కి వచ్చాక కొలిస్తే లోపలి దారాలు సాగి ఇంకొంచెం వెడల్పు చూపుతుంది. పైన రాసినవి అలా సాగాక తీసిన కొలతలే.

నిశ్చల గాలిలో చుట్టు రోడ్డు మీద ఈ రెండు టైర్ల మధ్య తేడా నా 0.003 హద్దును దాటలేదు. సూత్రం చెబుతున్నది వాలు గాలి గురించి కాబట్టి అది ఊహించిన ఫలితమే. వాలు గాలిని చూడటానికి వేరే ఏర్పాటు చేయవలసి వచ్చింది.

ఫంక్షన్ హాళ్లలో వాడే పెద్ద ఫర్రాటా ఫ్యానును అద్దెకు తెచ్చి, దాని ముందు శీతల పానీయాల స్ట్రాలను వందలకొద్దీ పక్కపక్కనే పేర్చి జిగురుతో అంటించిన చట్రాన్ని నిలబెట్టాను. ఫ్యాను రెక్కల నుంచి వచ్చే గాలి సుడి తిరుగుతూ వస్తుంది. స్ట్రాల గుండా పోయేసరికి ఆ తిరుగుడు చాలావరకు తగ్గి తిన్నగా వస్తుంది. ముందు చక్రాన్ని ఫోర్కుతో సహా చెక్క పలక మీద బిగించి, నేల మీద సుద్దతో సున్న, ఐదు, పది, పదిహేను డిగ్రీల గీతలు గీసి, ఆ గీతల వెంట పలకను తిప్పాను. చక్రం ముందు భాగంలో ఇరుసు ఎత్తున, టైరు పక్క గోడ మీద ఒకటి, రిమ్ మొదలైన చోట ఒకటి, రిమ్ నడుమ ఒకటి, వెనుక అంచు దగ్గర ఒకటి, వేలెడు పొడవున్న సన్నని ఊలు దారాలను టేపుతో అంటించాను.

చూసింది చూసినట్టు రాస్తున్నాను. సున్న, ఐదు డిగ్రీల దగ్గర రెండు టైర్లతోనూ దారాలన్నీ రిమ్‌ను హత్తుకుని వెనక్కి చాచుకుని ఉన్నాయి. పది డిగ్రీలకు తిప్పగానే 25 టైరుతో, గాలి చాటు వైపున రిమ్ మొదట్లో ఉన్న దారం లేచి కొట్టుకోవడం మొదలైంది. దాని వెనుక ఉన్నది కాసేపు వెనక్కి, కాసేపు ముందుకు తిరిగింది, అంటే అక్కడ గాలి ఎదురు తిరుగుతోంది. అగరుబత్తి పొగ పెడితే టైరు ఉబ్బు దగ్గరే పొగ విడిపోయి, రిమ్‌కు అంగుళం దూరంగా పోయింది. 23 టైరుతో అదే కోణంలో దారాలు కొద్దిగా వణికాయి కానీ లేవలేదు. పదిహేను డిగ్రీల దగ్గర రెండూ విడిపోయాయి.

ఈ ఏర్పాటుకు ఉన్న పరిమితులు తెలిసినవే. చక్రం తిరగడం లేదు. ఫ్యాను గాలి సెకనుకు ఆరు మీటర్లకు మించదు, రోడ్డు మీద పదకొండు. టైరు, రిమ్ కలిపి 75 మిల్లీమీటర్ల పొడవుకు రెనాల్డ్స్ సంఖ్య (వేగం, పొడవులను బట్టి గాలి ప్రవాహం తీరును చెప్పే అంకె) రోడ్డు మీద 50 వేలకు పైన ఉంటే, ఫ్యాను ముందు దాదాపు సగమే. ఆ సంఖ్య తక్కువైతే గాలి తొందరగా విడిపోతుంది కాబట్టి నేను చూసిన కోణాలను రోడ్డు కోణాలుగా తీసుకోకూడదు. కానీ ఒకే ఫ్యాను ముందు రెండు టైర్లను పోల్చినప్పుడు ఏది ముందు విడిచిందన్న ప్రశ్నకు జవాబు స్పష్టంగా వచ్చింది. ముందు చక్రానికి 23 ఖాయం చేశాను. వెనుక చక్రానికి 25 ఉంటుంది: బరువు ఎక్కువగా పడేది అక్కడ, గతుకుల మీద ఆ వెడల్పు అవసరం, పైగా సీటు ట్యూబు చాటున తిరిగే ఆ చక్రానికి ముందు చక్రానికి వచ్చినంత కలతపడని గాలి రాదు.

ఇదే వారంలో టైరుకూ రిమ్ అంచుకూ మధ్య కనిపించే సన్నని గాడిని పూడ్చే ఆలోచన కూడా చూశాను. మావిక్ కంపెనీ 2012లో ఆ గాడిని రబ్బరు పట్టీతో మూసే చక్రాన్ని తెచ్చింది. ఆ పట్టీని రోడ్డు పందేల్లో వాడటానికి యూసీఐ అప్పట్లో ఒప్పుకోలేదు. నేను సిలికాన్ సీలెంటును సన్నని తీగలా పెట్టి, సబ్బు నీటిలో తడిపిన వేలితో నునుపు చేశాను. చూపుకు చక్కగా ఉంది, దారాల తీరులో మార్పేమీ లేదు. కానీ పంక్చరు అయితే రోడ్డు పక్కన టైరు ఊడదీయడం నరకం అవుతుంది. బ్రేకు ఆనే పట్టీకి ఇంత దగ్గరగా సిలికాన్ ఉండటం నాకు ఏమాత్రం నచ్చలేదు. రెండో ఆలోచన లేకుండా తీసేశాను.

ఫిబ్రవరి చివరి వారం: స్పోకులు

నా చక్రాలకు ఉన్నవి చదును చేసిన బ్లేడు స్పోకులు, వెడల్పు 2.3 మిల్లీమీటర్లు, మందం 0.9. గుండ్రటి స్పోకుతో పోలిస్తే ఇవి గాలిని చీల్చుకుని పోతాయన్నది నిజమే, అయితే బ్లేడు అంచు చక్రం తిరిగే దిశకు సరిగ్గా అభిముఖంగా ఉన్నంతవరకే. స్పోకును రిమ్‌కు పట్టి ఉంచే చిన్న నట్టు, అంటే నిపుల్, బిగించేటప్పుడు స్పోకు కూడా దానితోపాటు కొంత మెలితిరుగుతుంది. ఇరవై, ముప్పై డిగ్రీలు మెలిపడ్డ బ్లేడు గాలికి అంచును కాకుండా చదును ముఖాన్ని చూపిస్తుంది. అప్పుడది గుండ్రటి స్పోకు కంటే అన్యాయం.

సికింద్రాబాదులో చక్రాలు అల్లడంలో చేయి తిరిగిన ఒక పెద్ద మెకానిక్ దగ్గర కూర్చుని ఈ పని నేర్చుకున్నాను. నేను చక్రాన్ని ట్యూబులైటు ముందు పట్టుకుని ఒక్కొక్క స్పోకూ చూస్తుంటే ఆయన ఆపి, "తమ్మీ, పుల్ల మెలిక పడ్డదా లేదా కండ్లతోటి కాదు, వేళ్లతోటి చూడాలె" అన్నారు. చక్రం మధ్యలోని హబ్ దగ్గర బొటనవేలు, చూపుడువేలు మధ్య స్పోకును పట్టి, అలాగే నిపుల్ వరకు జరుపుతూ పోవాలి. మెలిక మొదలైన చోట బ్లేడు అంచు వేళ్ల మధ్య పక్కకు తిరగడం స్పష్టంగా తెలుస్తుంది. ముందు చక్రంలో చాలా స్పోకులు బాగానే ఉన్నాయి. వెనుక చక్రంలో క్యాసెట్ (గేర్ల పళ్లచక్రాల కట్ట) వైపు, బిగువు ఎక్కువగా ఉండే స్పోకుల్లో, దాదాపు సగం మెలిపడి ఉన్నాయి.

సవరణకు గాడి కోసిన చిన్న పట్టుకర్ర సాయం కావాలి. దానితో బ్లేడును నిపుల్‌కు దగ్గరగా పట్టి కదలకుండా ఉంచి, నిపుల్‌ను పావు చుట్టు ఎక్కువ బిగించి అంతే వెనక్కి తిప్పాలి. పట్టుకర్ర లేకుండా స్పోకు కీతోనే సర్దబోతే మెలిక ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుగుతుందే తప్ప పోదు. పని అయ్యాక చక్రం వంకర చూసుకుని, బిగువు మీటరుతో ఎదురెదురు స్పోకులను సరిపోల్చుకోవాలి. రోడ్డు మీద ఈ సవరణ లాభం నా హద్దుకు లోపలే ఉండిపోయింది. అయినా ఈ సవరణను ఉంచుతున్నాను, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు, బరువు లేదు, ప్రమాదం లేదు. పైగా మెలిక పోయిన స్పోకు తొక్కుడులో తనంతట తాను విప్పుకోదు కాబట్టి చక్రం ఎక్కువ కాలం వంకర పోకుండా ఉంటుంది.

వాల్వు విషయం క్లుప్తంగా. ఇదివరకు 80 మిల్లీమీటర్ల వాల్వున్న ట్యూబు వాడేవాణ్ని. రిమ్ లోపలి అంచు దాటి పెన్సిలు మొనలా పొడుచుకు వచ్చేది. ఇప్పుడు 60కి మార్చి, పంపు పట్టడానికి సరిపడా మాత్రమే బయట ఉంచి, పైనున్న నట్టును తీసేసి, వాల్వు రంధ్రం చుట్టూ గుండ్రటి టేపు ముక్క అంటించాను. తేడా కొలతకు అందేది కాదు. గలగల చప్పుడు మాత్రం పోయింది.

మార్చి: వెనుక చక్రానికి మూత

డిస్క్ చక్రం గొప్పతనం ప్రపంచానికి ఒక్కసారిగా తెలిసింది 1984 జనవరిలో. ఇటలీ సైక్లిస్టు ఫ్రాన్సెస్కో మోసర్ మెక్సికో నగరంలో, ముందూ వెనుకా డిస్క్ చక్రాలున్న సైకిలు మీద, గంటలో 51.151 కిలోమీటర్లు తొక్కాడు. సముద్రమట్టానికి రెండు కిలోమీటర్లకు పైన ఉన్న ఆ నగరపు పల్చటి గాలి కూడా అందులో పాలుపంచుకుంది. స్పోకులు గాలిని చిలకకుండా రెండు వైపులా నునుపైన గోడ కడితే వచ్చే లాభం అక్కడి నుంచి ప్రతి టైమ్ ట్రయల్ సైకిలు వెనుక చక్రంలోనూ కనిపిస్తోంది. స్పోకుల చక్రానికి పలక మూత తొడిగితే ఆ లాభంలో ఎక్కువ భాగం దక్కుతుంది.

రాణిగంజ్‌లో ఒక మిల్లీమీటరు మందం ఉన్న పాలీప్రొపిలీన్ షీటు తీసుకున్నాను. చదునుగా గుండ్రంగా కోసి అంటిస్తే సరిపోతుందని అనిపిస్తుంది కానీ, హబ్ రిమ్ కంటే వెడల్పు కాబట్టి మూత చదునుగా కాక లోతు తక్కువ ఉన్న శంకువులా ఉండాలి. నా చక్రంలో ఎడమ ఫ్లాంజ్ (హబ్‌లో స్పోకులు తగిలించే అంచు) చక్రం నడిమి గీతకు 37 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, రిమ్ ఉబ్బు 14 దూరంలో. అంటే 23 మిల్లీమీటర్ల ఎత్తు. మూత బయటి వ్యాసార్ధం బ్రేకు పట్టీకి తగలకుండా 290, మధ్య రంధ్రం వ్యాసార్ధం 35. ఈ 255 మిల్లీమీటర్ల నిడివిలో 23 ఎత్తు రావాలంటే, షీటును 291.2 వ్యాసార్ధంతో గుండ్రంగా కోసి, అందులోంచి అంచు దగ్గర 7.4 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే దాదాపు ఒకటిన్నర డిగ్రీల కోణం ఉన్న సన్నని ముక్కను కేంద్రం వరకు తీసేసి, రెండు అంచులను కలిపి అంటించాలి. ఈ సన్నని ముక్క తీయకపోతే షీటు అలలు అలలుగా లేచి రిమ్‌కు ఆనదు. క్యాసెట్ వైపు ఫ్లాంజ్ నడిమికి 19 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది కాబట్టి ఎత్తు ఐదు మాత్రమే. అక్కడ తీయవలసింది అంచు దగ్గర అర మిల్లీమీటరు కూడా లేదు, చదును షీటు చేత్తో ఒత్తితేనే సర్దుకుంటుంది.

కోయడానికి కత్తెర వాడలేదు. షీటు కేంద్రంలో మేకు దిగ్గొట్టి, చెక్క పట్టీకి కట్టర్ బ్లేడు బిగించి, దాన్ని మేకు చుట్టూ నెమ్మదిగా, ఒత్తిడి పెంచుకుంటూ పలుమార్లు తిప్పాను. ఆ తర్వాత అంచును సన్న ఎమరీ కాగితంతో రుద్దాను. పాలీప్రొపిలీన్‌కు మామూలు జిగురు పట్టదు. అతుకును రెండు వైపులా బలమైన పారదర్శక టేపుతో వేసి, స్పోకులకు అక్కడక్కడా నైలాన్ జిప్ టైలతో కట్టి, బయటి అంచు చుట్టూ సన్నని వినైల్ టేపు తిప్పాను. వాల్వు దగ్గర పంపు తల పట్టేంత కిటికీ కోసి టేపుతో మూశాను. క్యాసెట్‌ను విప్పి మూత ఎక్కించి, మళ్లీ బిగించాక, చైను అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీద ఉన్నప్పుడు గేర్లు మార్చే డిరైలర్ చట్రానికీ మూతకూ మధ్య ఎడం ఉందో లేదో చూడటం తప్పనిసరి. నా సైకిలుపై వేలు దూరేంత లేదు కానీ నాణెం దూరేంత ఉంది.

రోడ్డు మీద ఫలితం హద్దు దాటింది. పాత, కొత్త, పాత వరుస బాగా కలిసిన ఉదయాల్లో లాభం 0.005, 0.006 దగ్గర స్థిరంగా నిలిచింది. గంటకు 40 కిలోమీటర్ల దగ్గర ఇది నాలుగు వాట్లు. ఈ ప్రాజెక్టులో నిశ్చల గాలిలో కూడా నిస్సందేహంగా కనబడిన ఏకైక సవరణ ఇదే. రెండు మూతలకూ కలిపి పెరిగిన బరువు అర కిలో వరకు ఉంది. చదును రోడ్డు మీద సమవేగంతో పోయే టైమ్ ట్రయల్‌లో దాని ప్రభావం స్వల్పం. గండిపేట చుట్టూ ఉన్న ఎగుడుదిగుడు రోడ్ల మీద పందెమైతే లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఏప్రిల్: ముందు చక్రం, పక్కగాలి

వెనుక మూత ఇంత పని చేస్తే ముందు కూడా ఎందుకు పెట్టకూడదని క్లబ్బులో చాలామంది అడిగారు. వెనుక చక్రం ఫ్రేములో బిగించి ఉంటుంది. పక్కగాలి దాన్ని నెట్టితే సైకిలు మొత్తం కొద్దిగా పక్కకు ఒరుగుతుంది, అంతే. ముందు చక్రం మీద పడిన తోపు హ్యాండిల్‌ను తిప్పుతుంది. రిమ్ ఎంత లోతైతే, ఆ తోపు కేంద్రం స్టీరింగ్ ఇరుసుకు ఎంత దూరమైతే, చేతికి అంత గట్టిగా తగులుతుంది. రిమ్ లోపలి అంచును కత్తిలా కాకుండా ఉబ్బుగా, గుండ్రంగా చేయడంలోని తెలివి ఇక్కడే ఉంది. చక్రం ముందు భాగంలో గాలిని మొదట తాకేది టైరు, వెనుక భాగంలో మొదట తాకేది రిమ్ లోపలి అంచు. ఆ అంచు కూడా మొద్దుగా ఉంటే వెనుక భాగం కూడా గాలిని పట్టుకుని తన వంతు తోపును పుట్టిస్తుంది, ముందు భాగపు తోపుకు అది బరువు సరిచూస్తుంది, తోపు కేంద్రం స్టీరింగ్ ఇరుసు దగ్గరికి జరుగుతుంది. స్టీవ్ హెడ్ వంటి రూపకర్తలు ఉబ్బు రిమ్‌ల మీద పెట్టిన శ్రమ నిరోధం తగ్గించడానికి ఎంతో, చక్రాన్ని మనిషి చేతిలో ఉంచడానికీ అంతే.

1989 టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజు, వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో, లారెంట్ ఫిన్యోన్ ముందూ వెనుకా డిస్క్‌లతో, గ్రెగ్ లెమాండ్ వెనుక మాత్రమే డిస్క్‌తో దిగారు. 50 సెకన్లు వెనుకబడి ఉన్న లెమాండ్ ఆ రోజు 58 సెకన్లు సంపాదించి మొత్తం పందేన్ని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ తేడాకు ప్రధాన కారణం మోచేతులు ఆనించి చేతులు ముందుకు చాచే ఏరో హ్యాండిల్ బార్లు, హెల్మెట్ అన్నదే సాధారణంగా ఒప్పుకునే మాట, నాకూ అదే సబబుగా తోస్తుంది. అయితే చేతులు దగ్గరగా ముడుచుకుని ముందుకు చాచిన ఆ భంగిమలో స్టీరింగ్ మీద పట్టు తక్కువ కాబట్టి, ముందు చక్రం నెమ్మదస్తురాలై ఉండటం ఇంకా అవసరమని నేను అదనంగా అనుకుంటున్నాను.

ఏప్రిల్‌లో ఎండ ఎక్కాక వీచే గాలిని ఉద్దేశపూర్వకంగా వాడుకున్నాను. చుట్టు రోడ్డులో ఒక వైపు ప్రహరీ గోడ ఉంది, అది ముగిసిన చోట గాలి ఒక్కసారిగా పక్క నుంచి తగులుతుంది. ముందు 25 టైరు ఉన్నప్పుడు అక్కడ హ్యాండిల్‌కు వచ్చే కుదుపు ఆగి ఆగి, ఎప్పుడు వస్తుందో తెలియకుండా వస్తోంది. 23 టైరుతో అదే గాలి ఒకే తీరుగా నెట్టుతోంది, శరీరం దానికి ముందుగానే సర్దుకోగలుగుతోంది. ఫ్యాను ముందు దారం లేచి పడటం చూసినవాడిగా ఈ కుదుపుకు కారణాన్ని ఊహించగలను. గాలి రిమ్‌ను పట్టి విడిచి, మళ్లీ పట్టి విడిచినప్పుడల్లా పక్క తోపు మారుతోంది. దీన్ని వాట్లలో రాయలేను. కానీ కుదుపుకు భయపడి ఏరో బార్ల మీదనుంచి చేతులు తీసి బేస్ బార్ (పక్కలకు వెడల్పుగా ఉండే అసలు హ్యాండిల్) పట్టుకున్న ప్రతి క్షణంలోనూ సీడీఏ ఎంత పెరుగుతుందో పవర్ మీటర్ చూపిస్తోంది. చక్రాల మీద నెలల తరబడి కూడబెట్టినదంతా కలిపినా దానికి సరిపోదు. అందువల్ల 23 టైరు నాకిచ్చిన అసలు లాభం ఇదేనని ఇప్పుడు నమ్ముతున్నాను.

రిమ్ మీద జిగ్‌జాగ్ టేపు అంటించి గాలి పొరను కలతపరిచే ప్రయోగాన్ని మాత్రం చేయకూడదని నిర్ణయించాను. టైరు ట్రెడ్ గరుకే ఆ పని కొంత చేస్తుంది, అదీగాక టేపును ఎక్కడ అంటించాలో తేల్చడానికి నా దగ్గరున్న ఫ్యాను, దారాలు చాలవు.

పందేనికి అమరిక ఇలా ఖాయమైంది. ముందు: 50 మిల్లీమీటర్ల రిమ్, 23 టైరు, 90 పీఎస్‌ఐ, 60 మిల్లీమీటర్ల వాల్వు, మెలిక తీసిన స్పోకులు. వెనుక: రెండు మూతలు, 25 టైరు, 85 పీఎస్‌ఐ. వాతావరణ సూచనలో గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటేలా ఉంటే ముందు 30 మిల్లీమీటర్ల అల్యూమినియం చక్రం పెడతాను. దానికీ 23 టైరు ఎక్కించి, కొలిచి సిద్ధంగా ఉంచాను. ఎడమ మూత అంచు వినైల్ టేపు మధ్యాహ్నపు ఎండకు జిగురు కరిగి ఒకచోట లేస్తోంది. దాన్ని తీసి, అంచును స్పిరిట్‌తో తుడిచి, వేడికి తట్టుకునే అల్యూమినియం టేపు వేసి, ఈ వారంలోనే మళ్లీ చుట్టు రోడ్డు మీద పరీక్షించాలి.